కళ్ళజోడు తమాషా, కారీగర్ల తమాషా: పాత సవారీల తారీఖ్



మొన్న ఈద్ మరుసటి రోజు ఇంటిల్లిపాదీ కలిసి ఊరి బయటున్న ఒక పార్కుకు వెళ్ళాం. పేరు చెప్పాల్సిన జరూరత్ లేదు. నా చిన్నప్పుడు అక్కడొక భూత్ బంగ్లా ఉండేది. ఇనుప పట్టాల మీద చిన్న డబ్బా, దాంట్లో ఇద్దరిద్దరు కూర్చోవాలి. చీకట్లో పోతుంటే పక్కనుంచి అట్ట దెయ్యం లేచేది, పైనుంచి దారాలు ముఖానికి తగిలేవి, ఒక మూలన అస్థిపంజరం టకటకలాడేది. దాని దవడ ఒకవైపు ఊడిపోయి వేలాడేది. అది ఊడిందని ఊరందరికీ తెలుసు. అయినా దాదీ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "యా అల్లా!" అని అరిచేది. బయటికొచ్చాక నవ్వీ నవ్వీ ఓఢ్నీ కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

ఈసారి వెళ్తే ఆ బంగ్లా లేదు. ఆ జాగాలో ఏసీ గది, కదిలే కుర్చీలు, కుర్చీకొకటి చొప్పున పెద్ద నల్ల కళ్ళజోడు. వర్చువల్ రియాలిటీ అంటారు కదా, అదే. దాదీకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆమె నంబరు అద్దాల మీద ఆ జోడు కూర్చోలేదు. అద్దాలు తీస్తే ఆమెకు ఏమీ కనపడదు. పట్టీ బిగించాలంటే తల మీది ఓఢ్నీ తీయాలి. "మీరు చూడండి బేటా" అని గోడ పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. మేం నలుగురం వరసగా కూర్చుని కళ్ళజోళ్ళు పెట్టుకున్నాం. పక్క కుర్చీలో మా చిన్నది అరుస్తోంది. వినపడుతోంది, కనపడదు. చెయ్యి చాపితే గాలే తగిలింది.

అయిదు నిమిషాల తర్వాత బయటికొచ్చాం. చిన్నదానికి కడుపులో తిప్పుతోంది. "ఏం చూశారు?" అని దాదీ అడిగింది. నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం. ఆమె అంతా విని, "నేనైతే మిమ్మల్ని చూశాను. గాల్లో చేతులాడిస్తూ దీవానాల్లా ఉన్నారు" అంది.

అందరం నవ్వేశాం. కానీ ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. పాత సవారీ పాడైతే దాని జాగాలో కొత్తది రావాల్సిందే. దాంట్లో తకరార్ లేదు. కానీ ఏది రావాలి? కర్రతో, ఇనుముతో, రంగులతో మళ్ళీ ఒక దునియా కట్టాలా, లేక కళ్ళకు జోడు తగిలించి బొమ్మలో దునియా చూపించాలా? ఇది కొత్త సవాల్ అనుకున్నాను. చదువుతూ పోతే, ఈ ముకాబలా నూట ఇరవై ఏళ్ళుగా నడుస్తోందని తెలిసింది. ఆ ఖిస్సా మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

ఏనుగు గడియారం

కట్టి చూపించే తమాషాకు చాలా పాత తారీఖ్ ఉంది. నేటి తుర్కియేలోని దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్ దర్బారులో అల్ జజరీ అనే ఇంజనీరు ఉండేవాడు. 1206లో ఆయన అరబ్బీలో ఒక కితాబ్ పూర్తి చేశాడు. నీటి గడియారాలు, ఫౌంటెన్లు, వాటంతటవే కదిలే బొమ్మలు ఎలా తయారు చేయాలో నక్షాలతో సహా దాంట్లో రాశాడు. ఏనుగు గడియారం అందులోదే. ఏనుగు కడుపులో నీళ్ళ తొట్టి, ఆ నీటి మీద చిల్లున్న గిన్నె. గిన్నె నిండి మునిగితే పైనుంచి ఒక గుండు జారుతుంది, పాము బొమ్మ వంగుతుంది, పక్షి తిరుగుతుంది, మావటి వాయిస్తాడు. దుబాయ్‌లో ఉండే మన వాళ్ళు ఇబ్న్ బతూతా మాల్‌లో దీని పెద్ద నమూనా చూసే ఉంటారు.

అదే కితాబ్‌లో ఒక పడవ ఉంది. షాహీ మెహఫిల్ జరుగుతుంటే చెరువు నీళ్ళ మీద ఆ పడవ తేలుతుంది, దాంట్లో బొమ్మ సాజిందాలు డోలు, వాద్యాలు వాయిస్తారు. లోపల నీటి బలంతో తిరిగే ఇరుసుకు మేకులుంటాయి. ఆ మేకులు మీటలను నొక్కుతాయి. వాళ్ళకు ప్రాణం లేదని మెహఫిల్‌లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా అందరూ ఒకేసారి ఒకే వైపు చూస్తారు, పక్కవాడి ముఖంలో హైరత్ కూడా చూస్తారు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి. ముందు పనికొస్తుంది.

చందమామకు ఓడ, గోడ మీద రైలు

ఇక అక్కడి నుంచి ఏడు వందల ఏళ్ళు దాటి అమెరికాకు రావాలి. టికెట్ కొని సవారీ ఎక్కే పార్కులు పెరిగింది అక్కడే.

1901లో బఫెలో నగరంలో పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ అనే పెద్ద నుమాయిష్ జరిగింది. అక్కడ ఫ్రెడరిక్ థాంప్సన్ అనే ఆయన చందమామ ప్రయాణం అనే తమాషా పెట్టాడు. జనం రెక్కలున్న ఓడలో కూర్చుంటారు. ఓడ ఊగుతుంది, చుట్టూ గుడ్డ మీద గీసిన దృశ్యాలు కదులుతాయి, లైట్లు మారతాయి. కింద భూమి చిన్నదైపోతున్నట్టు, పైన చందమామ దగ్గరికొస్తున్నట్టు అనిపిస్తుంది. ఓడ దిగాక చందమామ గుహల్లో నడవాలి. అక్కడ వేషాలు కట్టిన మనుషులు ఎదురొస్తారు. థాంప్సన్, అతని షరీక్ ఎల్మర్ డండీ కలిసి 1903లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లూనా పార్క్ తెరిచారు. ఈ చందమామ ఓడ అక్కడికీ వచ్చింది.

మరుసటి ఏడాది, అంటే 1904లో, సెయింట్ లూయీ నగరం నుమాయిష్‌లో దీనికి జవాబు లాంటిది వచ్చింది. కాన్సాస్ సిటీ ఫైర్ బ్రిగేడ్‌కు చీఫ్‌గా పనిచేసిన జార్జ్ హేల్ ఒక రైలు డబ్బా లాంటి గది తయారు చేశాడు. జనం టికెట్ కొని డబ్బాలో కూర్చుంటారు. ముందున్న తెర మీద, కదిలే ఇంజను ముందు కెమెరా పెట్టి తీసిన సినిమా నడుస్తుంది. డబ్బా ఊగుతుంది, చక్రాల చప్పుడు వస్తుంది. కూర్చున్న చోటే కొండలూ లోయలూ దాటేయొచ్చు. దీన్ని హేల్స్ టూర్స్ అన్నారు. సినిమా అప్పటికి పసిబిడ్డ. జనం ఎగబడ్డారు. ఊరూరా ఇలాంటి డబ్బాలు వెలిశాయి. తర్వాత పారామౌంట్ కంపెనీకి పెద్దదిక్కైన అడాల్ఫ్ జూకర్ కూడా మొదట్లో ఇలాంటిదొకటి నడిపాడు.

కానీ ఆ షౌక్ పదేళ్ళు కూడా నిలవలేదు. ఎందుకు? ఒకసారి చూసిన దారినే మళ్ళీ చూడాలంటే జనానికి విసుగు. మామూలు సినిమా హాళ్ళలో కథలున్న సినిమాలు రావడంతో, ఊగే డబ్బాలో కథ లేని రైలు దారి చప్పగా అనిపించింది. తెర మీద బొమ్మకు కొత్తదనమే బలం. అది పోయిన రోజు డబ్బా ఖాళీ అయింది.

దొంగల ఓడలు, నక్షత్రాల ఓడలు

1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచారు. సినిమావాళ్ళు కట్టిన పార్కు కాబట్టి సెట్టింగులు వేయడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. 1967 మార్చి 18న అక్కడ పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్ సవారీ మొదలైంది. వాల్ట్ డిస్నీ అంతకు మూడు నెలల ముందే, 1966 డిసెంబర్‌లో కన్నుమూశాడు. ఆయన దగ్గరుండి చేయించిన ఆఖరి పెద్ద పనుల్లో అదొకటి. పడవలో కూర్చుంటే నీళ్ళు తీసుకుపోతాయి. రెండు పక్కలా సముద్రపు దొంగలు, కాలుతున్న ఊరు, ఫిరంగులు, కుక్కలు, కోళ్ళు. మార్క్ డేవిస్ బొమ్మలు గీశాడు, బ్లెయిన్ గిబ్సన్ ముఖాలు చెక్కాడు. గాలితో, నూనె ఒత్తిడితో, కరెంటుతో ఆ బొమ్మలు తల తిప్పుతాయి, నోరు కదుపుతాయి. అల్ జజరీ మేకులూ మీటలూ చేసిన పనిని ఇక్కడ రికార్డు చేసిన టేపులు చేశాయి.

ఆ సవారీ ఇవాళ్టికీ నడుస్తోంది. దాంట్లో తప్పులు లేవని కాదు. ఆడవాళ్ళను వేలం వేసే ఒక దృశ్యాన్ని ఏళ్ళ తరబడి నవ్వులాటగా చూపించారు. జనం అభ్యంతరం చెప్పారు. 2018లో ఆ దృశ్యం మార్చి, వేలంలో నిలబెట్టిన ఎర్ర జుట్టు ఆమెను దొంగల్లో ఒకదాన్ని చేశారు. ఒక్క దృశ్యం మారింది, మిగతా ఇల్లంతా అలాగే నిలిచింది. కట్టిన దాన్ని మరమ్మత్తు చేయొచ్చు.

అదే పార్కులో తెర గెలిచిన ఖిస్సా కూడా ఉంది. ఇన్సాఫ్‌గా అదీ చెప్పాలి. 1967లోనే అక్కడ మనిషి చిన్నదై చిన్నదై అణువు లోపలికి పోయినట్టు చూపించే సవారీ ఒకటి మొదలైంది. అంతా కట్టిన సెట్టింగే. 1985లో దాన్ని మూసేశారు. అదే భవనంలో 1987 జనవరి 9న స్టార్ టూర్స్ వచ్చింది. పైలట్లకు తాలీమ్ ఇచ్చే యంత్రం లాంటి కదిలే గది, ముందు తెర, నక్షత్రాల మధ్య ఓడ ప్రయాణం. ఆలోచనలో ఇది హేల్ రైలు డబ్బాకు మనవడే. అయినా జనం ఫిదా అయ్యారు. 2010లో ఆపి, 2011లో కొత్త సినిమాతో మళ్ళీ తెరిచారు. ఎక్కినప్పుడల్లా దృశ్యాలు మారేలా చేశారు. హేల్‌ను ముంచిన విసుగుకు మందు దొరికిందన్నమాట.

స్టార్ టూర్స్ ఎందుకు నిలిచింది? గది బయట వరసలో నిలబడ్డ జాగా అంతా ఓడల రేవులా కట్టారు. రోబోలు మాట్లాడతాయి, సామాను కదులుతుంది. లోపల నలభై మంది ఒకే గదిలో కూర్చుని ఒకే తెర చూస్తారు, ఒకేసారి కెవ్వుమంటారు. తెర ఉంది, మెహఫిల్ కూడా ఉంది. కాబట్టి తెర దానంతటది దుష్మన్ కాదు. మనుషుల్ని ఒకరి నుంచి ఒకరిని విడదీస్తుందా లేదా అన్నదే చూడాలి.

అల్లాదీన్ తివాచీ

ఆ విడదీసే జోడు పార్కుల్లోకి తొలినాళ్ళలో మన ఇళ్ళలో పిల్లలకు చెప్పుకునే కథతో కూడా వచ్చింది. డిస్నీ వాళ్ళు 1990ల మధ్యలో ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో అల్లాదీన్ తివాచీ సవారీని జనం మీద పరీక్షించారు. తలకు బరువైన జోడు తగిలించుకుని, మోటారు సైకిల్ లాంటి దాని మీద కూర్చుని, తివాచీని నడుపుకుంటూ అగ్రబా పట్నం మీద ఎగరాలి. పద్నాలుగు నెలల్లో 45,000 మందికి పైగా జనం మీద ఈ తజుర్బా జరిగింది. ఆ పనిలో పాలుపంచుకున్న ప్రొఫెసర్ ర్యాండీ పాష్, ఆయన సాథీలు 1996లో తాము చూసింది ఒక పరిశోధనా పత్రంగా రాశారు. యంత్రం గొప్పదైతే చాలదు, లోపల కథ ఉండాలి, ఏం చేయాలో జనానికి ముందే చెప్పాలి అన్నది దాంట్లో ముఖ్యమైన సంగతి.

1998లో ఫ్లోరిడాలోనే డిస్నీక్వెస్ట్ అని అయిదంతస్తుల భవనం తెరిచారు. ఈ తివాచీ దాంట్లోకి చేరింది. ఇలాంటి భవనాలు చాలా నగరాల్లో కట్టాలని ఖ్వాబ్. 1999లో షికాగోలో రెండోది తెరిచారు, 2001లోనే మూసేశారు. ఫ్లోరిడాది 2017 జులై దాకా సాగింది. దాని ఆఖరి ఏళ్ళలో ఆ బొమ్మల కంటే ఇంట్లో పిల్లల గేమ్‌లే బాగుండేవి. కంప్యూటర్ బొమ్మ వయసు తొందరగా మీద పడుతుంది. అదే సమయంలో అదే కంపెనీ 1967 నాటి దొంగల పడవల ముందు జనం వరసలో నిలబడుతూనే ఉన్నారు.

పాత కోస్టర్‌కు కొత్త జోడు

ఇక అసలు ముచ్చటకు వద్దాం. 2015లో జర్మనీలోని యూరోపా పార్క్, 1984 నుంచి నడుస్తున్న ఆల్పెన్ ఎక్స్‌ప్రెస్ అనే రోలర్ కోస్టర్‌కు కళ్ళజోళ్ళు తగిలించింది. కైజర్స్‌లాటర్న్ విద్యాసంస్థలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ థామస్ వాగ్నర్, ఆయన విద్యార్థుల మెహనత్ దాని వెనకుంది. రైలు ఎక్కడ వంగితే బొమ్మ అక్కడే వంగుతుంది. పట్టాలు పాతవే, కళ్ళ ముందు దునియా మాత్రం కొత్తది.

పార్కుల మాలిక్‌లకు ఇది ఎంత నచ్చి ఉంటుందో ఆలోచించండి. కొత్త కోస్టర్ కట్టాలంటే కోట్లు, ఏళ్ళు. సెట్టింగ్ వేయాలంటే వడ్రంగులు, రంగులవాళ్ళు, శిల్పులు, ఆ తర్వాత రోజూ మరమ్మత్తు. జోడు అయితే చలికాలం పార్కు మూసినప్పుడు తగిలించి, వసంతంలో "కొత్త సవారీ" అని బోర్డు పెట్టొచ్చు. 2016లో ఈ గాలి జోరుగా వీచింది. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీ తన ఎన్నో కోస్టర్లకు జోళ్ళు పెట్టింది. వాటిలో 1976 నాటి రెవల్యూషన్ కూడా ఉంది. నిలువుగా గుండ్రంగా తిరిగే కోస్టర్లకు ఈ జమానాలో పెద్దన్న అది.

ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ ఖిస్సా ఇంకా సబక్ నేర్పుతుంది. 2002లో అక్కడ ఎయిర్ అనే కోస్టర్ మొదలైంది. మనిషి బోర్లా పడుకుని, నేలను చూస్తూ పక్షిలా ఎగురుతాడు. కింద గడ్డి, చెట్లు, నడిచే మనుషులు. దాని మజా అంతా అదే. 2016లో దాని పేరు గెలాక్టికా అని మార్చి, సీటు సీటుకూ జోడు కట్టి, అంతరిక్షం చూపించారు. అంటే పక్షిలా ఎగిరే మనిషి కళ్ళ నుంచి నేలను దాచేశారు. 2019 సీజన్ నాటికి జోళ్ళు లేవు. గెలాక్టికా అనే పేరు, పట్టాలు మిగిలాయి. అమెరికా సీవరల్డ్‌లో 2000 నాటి క్రాకెన్ కోస్టర్‌కు 2017లో జోళ్ళు పెట్టి 2018లో తీసేశారు.

ఎందుకిలా? మూడు కారణాలు. ఒకటి, వక్త్. రైలు రెండు నిమిషాలకొకటి పోతే గంటకు ముప్పై రైళ్ళు. ప్రతి మనిషికీ జోడు తొడిగి, పట్టీ బిగించి, బొమ్మ సరిగ్గా ఉందా అని చూడ్డానికి ఒక్క నిమిషం ఎక్కువ పట్టినా, గంటకు ఇరవై రైళ్ళే. మూడోవంతు జనం ఎండలో ఆగిపోతారు. రెండు, సఫాయీ. ఒకరి చెమట ముఖం నుంచి తీసిన జోడు తుడవకుండా ఇంకొకరికి ఇవ్వలేరు. అదీ వక్తే, ఖర్చే. మూడు, కడుపు. చెవి లోపల మన తూకం చూసుకునే భాగం ఉంది. ఒళ్ళు ఎటు కదులుతోందో అది చెబుతుంది, కళ్ళు ఏం చూస్తున్నాయో కళ్ళు చెబుతాయి. రెండూ ఒకే మాట చెబితే ఖైర్. బొమ్మ కాస్త వెనకబడినా తల తిరుగుతుంది, కడుపు తిప్పుతుంది. మా చిన్నదానికి జరిగింది అదే.

నాలుగో కారణం లెక్కల్లో రాదు. అది మా దాదీ చెప్పింది.

ఒకే గోళం, రెండు దారులు

ఈ ముకాబలాను ఒకే కప్పు కింద చూడాలంటే మళ్ళీ యూరోపా పార్క్‌కే వెళ్ళాలి. అక్కడ ఫ్రాన్స్ మొహల్లాలో పెద్ద వెండి గోళం, దాని లోపల చీకట్లో తిరిగే యూరోశాట్ అనే కోస్టర్. 1989 నాటిది. పట్టాలు అరిగాయి. 2017 సీజన్ చివర మూసేసి, పట్టాలన్నీ కొత్తగా వేసి, 2018లో మళ్ళీ తెరిచారు. విశేషం ఏమిటంటే ఒకే పట్టాల మీద రెండు జవాబులు ఇచ్చారు. మామూలు టికెట్టు వాళ్ళకు పాత పారిస్ నాటకశాలల సెట్టింగ్, లైట్లు, క్యాన్‌క్యాన్ పాటలు. జోడు కావాలన్న వాళ్ళకు వేరే ద్వారం, వేరే పైసలు, వలేరియన్ అనే సినిమాలోని అంతరిక్షం. వాళ్ళు జోడు పెట్టుకునే నడిచి వచ్చి రైలెక్కాలి. వరసలో ఆలస్యం కాకుండా చేసిన తర్కీబ్ అది. జోడును కనిపెట్టిన పార్కే, ఖాందాన్ అంతా ఎక్కే దారిని మాత్రం కట్టిన సెట్టింగ్‌కే ఇచ్చింది. జోడును షౌక్ ఉన్నవాళ్ళకు పక్క ద్వారంలో పెట్టింది.

అదే ఏడాది ఆ పార్కులో ఒక హాద్సా జరిగింది. 1987 నుంచి బటావియా దొంగలు అనే పడవ సవారీ అక్కడ ఉండేది. బటావియా అంటే నేటి జకార్తా. డచ్చివాళ్ళ జమానాలో ఆ నగరం పేరది. 2018 మే 26న మంటల్లో ఆ సవారీ మొత్తం కాలిపోయింది. పార్కు చేతిలో అప్పటికి అన్ని దారులూ ఉన్నాయి. ఖాళీ జాగా ఉంది, జోడు హునర్ ఉంది. అయినా ఆ సవారీనే మళ్ళీ కట్టాలని ఫైసలా చేశారు. పడవలు, నీళ్ళు, కొత్తగా చేసిన కదిలే బొమ్మలు. 2020 జులై 28న మళ్ళీ తెరిచారు. ముప్పై ఏళ్ళ కింద అమ్మానాన్నల ఒళ్ళో కూర్చుని ఆ పడవెక్కిన వాళ్ళు తమ పిల్లల్ని తీసుకుని వచ్చారు. కాలిపోయిన దాన్ని మళ్ళీ కట్టమని జనం కోరుకునేది ఇలాంటి వాటి గురించే. తీసేసిన జోడు కోసం బెంగపెట్టుకున్న ఖాందాన్ గురించి నేను ఎక్కడా చదవలేదు.

ఇంకొక్క మిసాల్. ఇంగ్లండ్‌లోనే థోర్ప్ పార్క్ 2016లో ఇంద్రజాలికుడు డెరెన్ బ్రౌన్ పేరుతో దెయ్యాల రైలు తెచ్చింది. విక్టోరియా కాలపు పెట్టె, లోపల అందరికీ జోళ్ళు. తెరవడమే అనుకున్న తేదీకి కుదరక జులై దాకా ఆగింది. 2023లో దాన్నే ఘోస్ట్ ట్రైన్ అని మళ్ళీ తెరిచినప్పుడు జోళ్ళు పోయాయి. వాటి జాగాలో సెట్టింగులు, లైట్లు, వేషాలు కట్టిన అసలు మనుషులు వచ్చారు. 1901 చందమామ గుహల్లో ఎదురొచ్చిన వేషగాళ్ళు తిరిగొచ్చినట్టే.

తూకం

ఇంత చెప్పాక జోడు బేకార్ అని ఫత్వా ఇవ్వడం నా ఉద్దేశం కాదు. మంచం దిగలేని మనిషికి కాశ్మీర్ లోయ చూపిస్తే అది నేకీయే. డాక్టరీ చదివే పిల్లలకు, విమానం నేర్చుకునే వాళ్ళకు దాని ఫాయిదా ఉంది. కట్టిన సెట్టింగ్‌కు కూడా నుక్సాన్లు ఉన్నాయి. ఫ్లోరిడా యూనివర్సల్‌లో 1990లో పెట్టిన నిలువెత్తు కింగ్ కాంగ్ బొమ్మల సవారీని 2002లో మూసేశారు. పక్క పార్కులో 2016లో కాంగ్ మళ్ళీ వచ్చినప్పుడు దారంతా తెరలే. అయినా ఆఖరున ఒక పెద్ద కాంగ్ బొమ్మను కట్టి నిలబెట్టారు. దారి పొడుగునా తెరలు చూపించినవాళ్ళకు కూడా, చివర్లో జనం ముందు ఒక అస్లీ ముఖం ఉండాలని అనిపించిందన్నమాట.

అందుకని ఇకమీద పిల్లలతో ఏ పార్కుకు వెళ్ళినా, టికెట్ కొనే ముందు మూడు సంగతులు చూసుకోవాలనుకున్నాను. మా ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు, అందరికంటే చిన్నవాళ్ళు ఇద్దరూ దీంట్లో కూర్చోగలరా? కూర్చున్నాక మేం ఒకరికొకరం కనపడతామా? ఆ జోడు తీసేస్తే అక్కడ చూడ్డానికి ఏమైనా మిగులుతుందా? మూడింటికీ జవాబు కాదనే అయితే, అది పాత సవారీ జాగాలోకి రాలేదు, దాని జాగాను ఖాళీ చేసింది.

మా భూత్ బంగ్లాను ఎవరు కట్టారో తెలుసుకోవాలని ఇప్పుడు అనిపిస్తోంది. ఏ పెయింటర్ ఆ దెయ్యం ముఖం వేశాడో, ఏ వెల్డర్ ఆ దవడను అతికించాడో. వాళ్ళ పేర్లు బోర్డు మీద ఎప్పుడూ లేవు. బంగ్లా కూలాక వాళ్ళ చేతి పని ఏ పాత ఇనుప కొట్టుకు చేరిందో. పాత సవారీ పోయినప్పుడు మనం టికెట్టు ధర మాట్లాడుకుంటాం, వరస పొడుగు మాట్లాడుకుంటాం. ఆ కారీగర్ల రోజీ గురించి ఎవరం మాట్లాడుకోం.

దాదీని నిన్న అడిగాను, "ఈసారి ఎక్కడికి వెళ్దాం?" అని. ఆమె ఆలోచించకుండా "నుమాయిష్" అంది. 1938లో బాగె ఆమ్‌లో మొదలై, 1946లో నాంపల్లికి మారిన మన హైదరాబాద్ నుమాయిష్. పెళ్ళైన కొత్తలో దాదాతో కలిసి వెళ్ళిందట. "అక్కడేం ఎక్కుతావ్ దాదీ?" అన్నాను. "చిన్న రైలు. మెల్లగా పోతుంది. అందరూ కనపడతారు" అంది.

జనవరి రాగానే వెళ్తాం, ఇన్షా అల్లాహ్. ఆ రైల్లో నేను ఆమె పక్కనే కూర్చుంటాను.

ఖుదా హాఫిజ్.